రెండుకు ముందు వాన

రెండు గంటలు దాటినాక వానొస్తే పూర్తి కూలి.
రెండుకు ముందొస్తే అరపూట.
అందుకే బెళ్ళందూరు మీది మబ్బును
గడియారం ముల్లును చూసినట్టు చూస్తా నేను.

పొద్దున్నే మిద్దె మీద తిప్పేస్వామి
తాళ్ళను వేలితో మీటుతాడు,
కొక్కేలు లాగి చూస్తాడు,
ఉమ్మి తడిపిన వేలు గాల్లో నిలబెట్టి
"పరవాగిల్ల, ఇళీరి" అంటాడు.
దిగడమంటే ముందు వీపు దిగుతుంది.
కాళ్ళకు గోడ అందేదాకా
ప్రాణం పిట్టగోడ మీదే కూర్చోనుంటుంది.

కూర్చోడానికొక చెక్కపలక,
నడుముకు పట్టీలు,
పక్కన ఊగే సబ్బునీళ్ళ బకెట్టు.
అవతలి తాడు మీద కుళ్ళాయప్ప,
కదిరి పక్కోడు, దవడలో ఎప్పుడూ వక్కముక్క.
ఏ అంతస్తులో ఎవరు బల్ల మీద తలపెట్టి నిద్రపోతారో
వాడికి తెలుసు.
తొమ్మిదిలో ఒకాయన మమ్మల్ని చూడగానే తెర లాగేస్తాడు.
లోపల చేసేదేమీ లేదు, చీట్లాట.

"వానే కడుగుతుంది గదా, మీరెందుకు?"
అనింది మొన్న మా రెండోది.
ఈ ఊరి వాన కడగదమ్మా,
దుమ్ము యాడుందో గుర్తులు పెట్టి పోతుంది.

పదకొండున్నరకు తొలి చినుకు
మెడ మీద పడింది.
కుళ్ళాయప్ప నా దిక్కు చూసినాడు, నేను వాడి దిక్కు.
ఇద్దరమూ ఏమీ పడనట్టే
ఇంకో అద్దానికి సబ్బు పూసినాం.

మా ఊర్లో వానను పదున్లలో కొలిచేది.
దుక్కిలోకి చెయ్యి దించి
బెత్తెడు తడిసిందా, జానెడా అని.
పదును బాగుంటే నాయన
ఆ చేతిని కడుక్కోను మనసొప్పక
గడప మీద కూర్చోని చూసుకునేవాడు.
ఈడ నేను చినుకును తిడతాండ.
ఇంకో రెండు గంటలు ఆగితే నీ సొమ్మేం పోయింది అని.
తిట్టినాక నోరు ఒక మాదిరిగా అయింది.
సబ్బు రుచేమో అనుకున్నా.

ఏడో అంతస్తు.
అద్దం వెనక ఒకమ్మాయి.
ఆమె మెడలోనూ ఒక తాడు, కార్డు వేలాడతా.
వేలితో ఒకచోట చూపించింది.
తుడిచినా. కాదని తలాడించింది.
రబ్బరుతో లాగినా, బ్లేడుతో గీకినా,
ఆఖరికి గోరుతో.
మరక అట్లే ఉంది, కాఫీ రంగులో, చింతగింజంత.

అది మీ పక్కనుంది తల్లీ, అన్నా.
రెండు పొరల అద్దం, వినపడదు.
ఆమె ఏదో అనింది, నాకూ వినపడలేదు.
ఇటు కాదు, అటు అని వేలు తిప్పి చూపించినా.
శానాసేపు నా వేలినే చూసింది.
తర్వాత అద్దం మీద ఆవిరి ఊది
చున్నీ కొసతో రుద్దింది.
పోయింది.
నవ్వింది అని చెప్పాలనుంది గానీ
ఆమె నవ్విందో, మధ్యలో నీళ్ళు జారినాయో.

పన్నెండూ పదికి గాలి తిరిగింది.
కింద ఒక గద్ద, నాకంటే కింద,
రెక్కలు ముడుచుకోని ఏసీ డబ్బా మీదికి చేరింది.
బకెట్టు గోడకు కొట్టుకుంటాంది.
తాడు నీళ్ళు తాగి లావైంది.
పైకెత్తిన చేతి మణికట్టు నుంచి మోచేతికి,
మోచేతి నుంచి చంకలోకి
వాన దారి చేసుకుంది.
మిద్దె మీద ఈల. రెండుసార్లు.

బేస్‌మెంటులో, జనరేటరు పక్కన
చొక్కాలు పిండి ఆరేసుకున్నాం.
కుళ్ళాయప్ప ఫోను చెవికి అదుముకోని
ఇంకో చెవి మూసుకోని అరుస్తాండు.
"ఆడ పడిందా?
ఎన్ని పదున్లు? ... ఓహో. ఇత్తనం ఎయ్యొచ్చా?
ఈడనా?
ఈడ గూడా పడింది లే.
అరపూట పడింది."